చెయ్యెత్తితే బొమ్మా ఎత్తాలి: ఇంటరాక్టివ్ ఆర్ట్‌ని వీడియో తీసి గ్యాలరీ టీవీలో ఆడించడం ఎలా

మా ఫైనలియర్ రివ్యూలో నా వర్క్ వీడియో నాలుగు నిమిషాలు ఆడింది. లైట్లు వేశాక, బయటి కాలేజీ నుంచి వచ్చిన సర్ కళ్లద్దాలు తుడుచుకుంటూ అడిగిన మొదటి ప్రశ్న: "బాగుందమ్మా. స్క్రీన్ సేవరా?"

మూడు నెలలు కూర్చుని చేసిన ఇంటరాక్టివ్ వర్క్ అది. తెల్లగుడ్డ ముందు మీరు నిలబడితే గుడ్డ మీద ఒక తోలుబొమ్మ లేచి నిలబడుతుంది, మీరు చెయ్యెత్తితే అదీ ఎత్తుతుంది, మీరు పక్కకి జరిగితే కాస్త బద్ధకంగా అదీ జరుగుతుంది. తప్పు సర్‌ది కాదు. వీడియోలో నేను తెరని మాత్రమే చూపించా. దగ్గర్నుంచి తీసిన అందమైన షాట్లు, ఒకదాన్లోంచి ఇంకొకటి కరిగిపోయే డిజాల్వ్‌లు, వెనకాల వీణ. మనిషి ఎక్కడా లేడు. మనిషి లేకపోతే బొమ్మ తనంతట తానే ఊగుతున్నట్టు ఉంటుంది, దాన్ని స్క్రీన్ సేవర్ అనక ఇంకేమంటారు?

తర్వాత అదే వర్క్‌ని హైదరాబాద్‌లో ఒక గ్రూప్ షోలో పెట్టే అవకాశం వచ్చింది. శుక్రవారం మొదలై పై వారం దాటి సోమవారం దాకా, మొత్తం 11 రోజులు. అన్ని రోజులకీ ప్రొజెక్టర్ అద్దె కట్టడం నా వల్ల కాలేదు. అందుకని ప్రారంభం రోజు, రెండు వీకెండ్లు అసలు వర్క్, మిగతా ఆరు రోజులు అదే చోట 43 అంగుళాల టీవీలో దాని వీడియో అని ఒప్పందం. అంటే మొదటి మూడు రోజుల్లో షూట్ చేసి, ఆదివారం రాత్రి ఎడిట్ చేసి, సోమవారం పొద్దున టీవీలో పెట్టాలి. ఆ హడావుడిలో నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నా, జూనియర్లు ఒక్కొక్కరే ఫోన్ చేసి అడుగుతున్నారు కాబట్టి.

1. కెమెరా ముట్టుకోకముందు ఒక వాక్యం రాయండి

మీ వర్క్‌లో చూసేవాళ్లు ఏం చేస్తారు, దానికి ఏం జరుగుతుంది? ఒకే వాక్యం. నాది: "మనిషి చెయ్యెత్తితే బొమ్మా ఎత్తుతుంది." కాన్సెప్ట్ నోట్‌లో రాసే జ్ఞాపకం, దేహం, అస్తిత్వం లాంటి మాటలు ఇందులో రాకూడదు. ఈ వాక్యంలో ఉన్న రెండు క్రియలూ, అంటే మనిషి ఎత్తడం, బొమ్మ ఎత్తడం, వీడియోలో ఒకే షాట్‌లో, మధ్యలో కట్ లేకుండా కనబడాలి. ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే గుర్తుంటుందనుకుంటే ఇదే గుర్తుపెట్టుకోండి. చెయ్యి ఒక షాట్, బొమ్మ ఇంకో షాట్‌గా పెట్టి కలిపితే జనం నమ్మరు. సినిమాల్లో హీరో తుపాకీ పేలుస్తాడు, కట్, విలన్ పడతాడు. అక్కడ అది చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఇక్కడ వర్కే ఆ రెంటి మధ్య ఉన్న సంబంధం.

అమెరికాలో మైరన్ క్రూగర్ అనే ఆర్టిస్టు 1970ల్లోనే కెమెరాతో మనిషి నీడని పట్టి, తెర మీద గ్రాఫిక్స్‌తో ఆడించాడు. వీడియోప్లేస్ అనే ఆ వర్క్ ఉన్న గదిలోకి మనం ఎలాగూ వెళ్లలేం, ఆన్‌లైన్‌లో దొరికే పాత రికార్డింగులే మనకి దిక్కు. ఆయనకి ఒక సౌకర్యం ఉంది: మనిషి నీడే తెర మీద ఉండేది కాబట్టి తెరని తీస్తే మనిషి కూడా వచ్చేసేవాడు. నా తెర మీద ఉన్నది బొమ్మ. మనిషిని నేను విడిగా ఫ్రేములోకి తెచ్చుకోవాలి. మీ వర్క్ ఈ రెంటిలో ఏ రకమో ముందు తేల్చుకోండి.

2. వర్క్‌ని కెమెరాకి తగ్గట్టు సర్దండి

నా సెటప్ ఇది. 8 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు మల్లుగుడ్డ (16:9 కొలత సరిగ్గా వస్తుందని), సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కొన్నది. తోలుబొమ్మలాటలో దీపం ఉండే చోట, అంటే గుడ్డ వెనక, ప్రొజెక్టర్. గుడ్డ పై అంచున, చూసేవాళ్ల వైపు తిరిగి ఒక వెబ్‌క్యామ్. పక్కన నల్లగుడ్డ కప్పిన ల్యాప్‌టాప్. కోడ్ పీ5.జేఎస్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో, మనిషి భంగిమ పట్టడానికి ఎంఎల్5 అనే ఇంకో లైబ్రరీ, రెండూ ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తాయి. నేను వాడిన మోడల్ ఒంటి మీద 17 బిందువులు ఇస్తుంది, వాటిలో బొమ్మని ఆడించడానికి భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంటి చాలు.

బొమ్మ ఆకారానికి బంగారక్క, జుట్టుపోలిగాడు లాంటి హాస్యపాత్రలు మనసులో పెట్టుకున్నా. నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసినవాళ్లకి (ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది) ఒక సంగతి తెలిసే ఉంటుంది: బొమ్మని గుడ్డకి ఆనిస్తే గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది, వెనక్కి లాగితే మసకబారుతుంది. నేనూ అదే పెట్టా. కెమెరాలో మనిషి రెండు భుజాల మధ్య దూరం తగ్గితే ఆయన వెనక్కి వెళ్లాడని లెక్క, అప్పుడు బొమ్మ మసకవుతుంది. చూసినవాళ్లలో సగం మంది దీన్ని గమనించలేదు. గమనించినవాళ్లు మాత్రం ముందుకీ వెనక్కీ పది సార్లు నడిచారు.

ఇక తిప్పలు. ప్రొజెక్టర్‌ని ఎంత దూరంలో పెట్టాలన్నది దాని త్రో రేషియో చెబుతుంది: తెర మీద పడే చిత్రం వెడల్పుని ఆ సంఖ్యతో గుణిస్తే దూరం. మా కాలేజీ ప్రొజెక్టర్‌ది 1.5, అంటే 8 అడుగుల చిత్రానికి గుడ్డ వెనక 12 అడుగుల ఖాళీ కావాలి. గ్యాలరీలో నాకు దొరికింది 7 అడుగులు. అద్దెకి తెచ్చిన షార్ట్ త్రో (దగ్గర్నుంచే పెద్ద చిత్రం వేసే) ప్రొజెక్టర్‌ది 0.5, నాలుగడుగుల్లో సరిపోయింది. వెనక నుంచి వేస్తున్నారు కాబట్టి ప్రొజెక్టర్ మెనూలో రియర్ అని మార్చడం మర్చిపోవద్దు, లేకపోతే కుడి ఎడమలు తారుమారై, మీరు కుడిచెయ్యి ఎత్తితే బొమ్మ అవతలి చెయ్యి ఎత్తుతుంది. తెర మీద అక్షరాలు ఉంటే వెంటనే తెలిసిపోతుంది, బొమ్మ మాత్రమే ఉంటే ఒక పూట గడిచాక గానీ తెలియదు. నాకు అలాగే తెలిసింది.

పల్చటి గుడ్డయితే లెన్స్ వెలుగు మధ్యలో ఒక తెల్లటి చుక్కలా, గుడ్డ వెనక ఎవరో బల్బు పట్టుకున్నట్టు కనిపిస్తుంది. కంటికి పెద్దగా తెలియదు గానీ కెమెరాలో అదే కొట్టొచ్చినట్టు ఉంటుంది. గుడ్డని రెండు మడతలు వేయండి, ప్రొజెక్టర్‌ని కింద నేల మీద పెట్టి పైకి వంచి, అటూ ఇటూ సాగిన అంచుల్ని ప్రొజెక్టర్‌లో కీస్టోన్ అనే సెట్టింగ్‌తో సరిచేసుకోండి. లెన్స్, గుడ్డ, చూసేవాళ్ల కళ్లు ఒకే గీత మీద లేకపోతే ఆ చుక్క చాలావరకు పోతుంది.

వెలుతురు విషయం దగ్గర మాత్రం తీరిగ్గా ఆగండి, అందరూ బోల్తా కొట్టేది ఇక్కడే. తెర బాగా కనబడాలంటే గది చీకటిగా ఉండాలి. వెబ్‌క్యామ్‌కి మనిషి కనబడాలంటే మనిషి మీద వెలుతురు ఉండాలి. వీడియో కెమెరాకీ మనిషి కావాలి. మూడింటికీ ఒకేసారి న్యాయం చేయాలంటే వెలుతురు మనిషి మీద పడి గుడ్డ మీద పడకూడదు. నేను చేసింది: మనిషి నిలబడే చోట నేల మీద టేపుతో గుర్తు పెట్టి, దానికి ఎడమ పక్కన ఆరడుగుల ఎత్తులో ఒక చిన్న లైటు పెట్టి, దాని గుడ్డ వైపు అంచుకి నల్లచార్టు ముక్క రెక్కలా అంటించా. ఆ రెక్క లేనంతసేపూ బొమ్మ వెలిసిపోయిన చీరలా ఉంది. అంటించగానే రంగులు తిరిగొచ్చాయి. ఖర్చు పది రూపాయలు.

ఇంకొకటి, బొమ్మ వణుకు. భంగిమ పట్టే మోడల్ ప్రతి ఫ్రేములోనూ బిందువుల్ని అటో ఇటో కాస్త కదిలిస్తుంది కాబట్టి బొమ్మకి మలేరియా వచ్చినట్టుంటుంది. పాత స్థానంలో 80 శాతం, కొత్త స్థానంలో 20 శాతం కలపండి, పీ5లో లెర్ప్ అనే ఫంక్షన్ ఆ పనే చేస్తుంది. ఎంత నున్నగా చేస్తే అంత ఆలస్యం అవుతుంది, అది గుర్తుంచుకోండి. చీకటి గదిలో వణుకు ఇంకా ఎక్కువ, అందుకని ఈ సంఖ్యల్ని ఇంట్లో కాదు, గ్యాలరీ లైట్లలోనే ఖాయం చేసుకోండి.

3. ఫ్లికర్

మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. ఫోన్లేమో మామూలుగా సెకనుకి 30 ఫ్రేములతో తీస్తాయి, ఆ రెండూ పొసగక గోడల మీద నల్లచారలు పాకుతాయి. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే 25 ఫ్రేములు, షట్టర్ స్పీడ్ 1/50 సెకను పెట్టండి. లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా దొరుకుతుంది, అందులో అన్నీ చేత్తో మార్చుకోవచ్చు.

ఇది చాలామందికి తెలుసు. తెలియని సంగతి ఇంకోటుంది: మీ ల్యాప్‌టాప్ ప్రొజెక్టర్‌కి సాధారణంగా 60 హెర్ట్జ్‌లో పంపిస్తుంది. గది లైట్లకి 1/50 పెడితే గోడ బాగుంటుంది, తెర మీద చారలొస్తాయి. తెరకి 1/60 పెడితే తెర బాగుంటుంది, గోడ మిణుకుతుంది. నేను శుక్రవారం సాయంత్రమంతా ఈ రెంటి మధ్య తిరుగుతూ ఫోన్ పాడైందనుకున్నా. చివరికి మందు ల్యాప్‌టాప్‌లోనే ఉంది: డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్‌ని 50 చేస్తే లైట్లూ తెరా కెమెరా ఒకే తాళంలోకి వస్తాయి. మీ ప్రొజెక్టర్ 50కి ఒప్పుకోకపోతే గది లైట్లన్నీ ఆర్పించి, మనిషి మీద బ్యాటరీతో నడిచే ఫ్లికర్ లేని ప్యానెల్ పెట్టుకుని, 30 ఫ్రేములు, 1/60తో తీయండి.

ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయండి. ఆటోలో వదిలేస్తే బొమ్మ కదిలినప్పుడల్లా గది మొత్తం ఎర్రబడి, నీలమై, మళ్లీ ఎర్రబడుతుంది. ఎక్స్‌పోజర్ తెరకి చూసుకోండి, మనిషికి కాదు. తెర తెల్లగా పేలిపోతే ఎడిటింగ్‌లో తిరిగి రాదు, మనిషి కాస్త చీకట్లో ఉంటే కొంత పైకి లేపొచ్చు.

4. ఏమేం తీయాలి

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైంది: ట్రైపాడ్ మీద వైడ్. మనిషి వెనక నుంచి, కొంచెం పక్కగా, ఆయన వీపూ చేతులూ ఫ్రేములో ఎడమ సగం, తెర కుడి సగం. నేరుగా వెనక పెడితే మనిషి బొమ్మని కప్పేస్తాడు. నేరుగా పక్కన పెడితే తెర ఒక గీతలా కనిపిస్తుంది. మా గదిలో నలభై డిగ్రీల పక్కకి జరిపితే కుదిరింది. కెమెరాని అక్కడ పెట్టి, రికార్డ్ నొక్కి, వదిలేయండి. పది సెకన్లు కాదు, అరగంట. ఫోన్ ఛార్జర్‌లో ఉండాలి, ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి. ఇది మర్చిపోయి ఒక బంగారం లాంటి షాట్ మధ్యలో మా అమ్మ కాల్ వచ్చింది.

అరగంట ఎందుకంటే, శనివారం మధ్యాహ్నం ఒక బామ్మగారు మనవడితో వచ్చారు. మనవడు చేతులు అడ్డదిడ్డంగా ఊపుతున్నాడు, బొమ్మా ఊగుతోంది. వాణ్ణి పక్కకి జరిపి ఆవిడ ముందుకొచ్చి, ఒక్క క్షణం చూసి, రెండు చేతులూ జోడించి బొమ్మకి దణ్ణం పెట్టారు. బొమ్మ అర సెకను ఆగి తిరిగి దణ్ణం పెట్టింది. ఆవిడ గబుక్కున చేతులు దించేసి మనవడికేసి చూశారు, చూశావా అన్నట్టు. నేనైతే ఎవరితోనూ అలా చేయించలేకపోయేదాన్ని. కెమెరా తిరుగుతూ ఉండబట్టి దొరికింది.

తర్వాత వెళ్లి అడిగా: "బామ్మగారూ, ఇది నా వీడియోలో పెట్టుకోవచ్చా?"

"నా మొహం పడిందా?"

"లేదండీ, వెనక నుంచే."

"అయితే పెట్టుకో."

అనుమతి సంగతి ఇదే. తలుపు దగ్గర వీడియో తీస్తున్నామని ఒక కాగితం అంటించండి, మొహాలు గుర్తుపట్టేలా ఉంటే అడగండి, పిల్లలైతే పెద్దవాళ్లని అడగండి. వీపు వైపు నుంచి తీస్తే సగం టెన్షన్ ముందే పోతుంది.

ఫ్రెండ్స్‌ని నటించమని పిలవకండి. పిలవక తప్పకపోతే మీ వర్క్ అసలు చూడనివాళ్లని పిలవండి. నా క్లాస్‌మేట్స్ ముగ్గురు వచ్చి మొదటి సెకను నుంచే బతుకమ్మ ఆడేశారు. బొమ్మ ఏం చేస్తుందో వాళ్లకి ముందే తెలుసు. తెలియనివాళ్లలో మొదట ఒక ఆగడం ఉంటుంది, ఇది నన్నేనా చూస్తోంది అని. చెయ్యి సగం లేచి ఆగుతుంది, బొమ్మ చెయ్యీ సగమే లేస్తుంది, అప్పుడు పూర్తిగా ఎత్తుతారు. వర్క్ అక్కడే ఉంది.

వైడ్ కాక ఇంకా కావలసినవి: భుజం మీదుగా తెర, తెర వెలుగు పడుతున్న మొహం, గదిలోకి నడిచొచ్చే పాదాలు, గుడ్డ వెనక ప్రొజెక్టర్ ఎలా ఉందో ఒకటి. ఒక్కోటి కనీసం 15 సెకన్లు కదలకుండా. గింబల్ (కెమెరా వణకకుండా పట్టే పిడి) ఉంది కదా అని గది చుట్టూ తిరిగారో, అది పెళ్లి వీడియో అవుతుంది. తెరని ఓబీఎస్ అనే స్క్రీన్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో ల్యాప్‌టాప్‌లోనే నేరుగా రికార్డ్ కూడా చేసుకోండి, దగ్గరి షాట్లకి పనికొస్తుంది. మొదట్లో గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి, బొమ్మ చేతులు కలిసే క్షణాన్ని బట్టి రెండు రికార్డింగుల్నీ ఇంచుమించు జత చేసుకోవచ్చు.

సౌండ్ గురించి రెండే ముక్కలు. వేరే ఫోన్‌ని మనుషులకి దగ్గరగా ఒక మూల పెట్టి రికార్డ్ చేయండి, ఎవరూ మాట్లాడనప్పుడు గది శబ్దం ఒక అర నిమిషం తీసుకోండి. కట్‌ల మధ్య ఏసీ మోత గతుకులు గతుకులుగా వినబడకుండా అదే అడుగున పరుస్తారు.

5. ఎడిటింగ్

డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. మొదటి పని టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు 25 అని పెట్టడం. క్లిప్పులు వేసి మొదలుపెట్టాక ఇది మార్చనివ్వదు, అప్పుడు మళ్లీ మొదటినుంచి చేయాలి. రెండో పని ఫోన్ క్లిప్పుల్ని ఒకసారి హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేటుకి మార్చడం. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటుని తమకి తోచినట్టు పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి, అరగంట క్లిప్పు చివరికొచ్చేసరికి విడిగా తీసిన సౌండ్ ఒక చోట, పెదాలు ఒక చోట ఉంటాయి.

తర్వాత అన్ని క్లిప్పులూ ఓపిగ్గా చూసి, మనిషి ఆగి, కనిపెట్టి, ఆడిన చోట్లకి మాత్రం గుర్తులు పెట్టండి. నాకు మూడు రోజుల ఫుటేజీలో అలాంటివి పదకొండు దొరికాయి. వాడింది నాలుగు.

వీడియో మొదటి షాట్: ఖాళీ తెర, ఒక మనిషి ఫ్రేములోకి వస్తాడు, ఆగుతాడు, చెయ్యెత్తుతాడు, బొమ్మ లేస్తుంది. నాది 14 సెకన్లు, కట్ లేదు. ఎడిట్ చేస్తున్నంతసేపూ చెయ్యి దురద పెడుతుంది, మరీ సాగుతోందేమో, మధ్యలో ఒక క్లోజప్ వేద్దామా అని. వేయకండి. ఆ 14 సెకన్లలో చూసేవాళ్లకి వర్క్ అర్థమైపోతుంది, ఆ తర్వాత మీరు ఎన్ని క్లోజప్‌లు వేసినా, తెరని మాత్రమే చూపించినా, వాళ్ల బుర్రలో మనిషి ఉంటాడు. రివ్యూకి తీసుకెళ్లిన వీడియోలో ఇదే షాట్ ఒక్కటి ముందు పెట్టి ఉంటే సర్ ఆ ప్రశ్న అడిగేవారే కాదు.

రెండు దొంగదారులు ఊరిస్తాయి. ఒకటి, బొమ్మ ఆలస్యాన్ని ఎడిటింగ్‌లో సరిచేయడం, అంటే ఓబీఎస్ రికార్డింగుని కాస్త ముందుకి జరిపి చేతితో కలిపేయడం. అది మోసం, పైగా ఎవరో గ్యాలరీకి వచ్చి అసలుది చూస్తారు. ఆలస్యం మరీ ఎక్కువగా ఉంటే కోడ్‌లో సరిచేయండి. రెండోది స్లోమోషన్. అందంగానే ఉంటుంది, కానీ వేగం మార్చగానే ఆలస్యం ఎంతో, బొమ్మ తూకమెంతో ఎవరికీ తెలియకుండా పోతుంది. వీణ కూడా తీసేశా. బామ్మగారు దణ్ణం పెట్టిన షాట్‌లో ఏసీ మోత, మనవడి కిసకిస, అంతే.

ఇందులోంచి రెండు వీడియోలు తయారు చేసుకోవాలి, ఒకటే రెండు చోట్లా వాడితే రెండు చోట్లా తేలిపోతుంది. పోర్ట్‌ఫోలియోకి, రెసిడెన్సీలకి, కొచ్చి స్టూడెంట్స్ బినాలే లాంటి చోట్ల మీ పని చూపించుకోవడానికి ఒకటి: నిమిషంన్నర, మొదలూ చివరా ఉన్నది, ముందు పేరు, సంవత్సరం, వాడిన వస్తువులు, కొలతలు. చూసేవాళ్ల ముందు ఇంకా బోలెడు వీడియోలుంటాయి కాబట్టి 14 సెకన్ల షాట్ పేరుకన్నా ముందే వచ్చినా తప్పులేదు. గ్యాలరీ టీవీకి ఇంకొకటి: మూడు నిమిషాలు, మొదలూ చివరా లేనిది. గ్యాలరీలో ఎవరూ మొదటినుంచి చూడరు, నడుస్తూ మధ్యలో వచ్చి, నలభై సెకన్లు నిలబడి వెళ్లిపోతారు. అందుకని మనిషీ బొమ్మా కలిసున్న షాట్ నలభై సెకన్లకి ఒకసారైనా రావాలి, ప్రతి నిమిషానికీ కింద ఒక లైను పడాలి: అసలు వర్క్ శని, ఆదివారాల్లో మీ చేతులతో ఆడుతుంది అని. చివర్లో నలుపులోకి ఫేడ్ చేయకండి, టీవీ ఆగిపోయిందనుకుంటారు. నేను ఖాళీ తెరతో మొదలుపెట్టి ఖాళీ తెరతోనే ముగించా, అతుకు కనబడలేదు.

6. తెలుగులో టైటిల్స్

కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, గుడింతాలు గాల్లో వేలాడతాయి. ముందుగా "స్త్రీ", "రాష్ట్రం", "జ్యోత్స్న" అని మూడు మాటలు టైప్ చేసి చూడండి. సరిగ్గా వస్తే అదృష్టం. రాకపోతే దాంతో కుస్తీ పట్టకుండా ఇంక్‌స్కేప్ లాంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లోనో బ్రౌజర్‌లోనో అక్షరాలు పేర్చుకుని, వెనకాల ఏమీ లేని పీఎన్‌జీగా సేవ్ చేసి, వీడియో మీద బొమ్మలా పరచండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర పేర్లకి, మండలి కింది లైన్లకి నాకు నచ్చాయి, రెండూ ఉచితం. సన్నటి అక్షరాలు టీవీలో ఆరడుగుల దూరం నుంచి చదవలేరు. అనుకున్నదానికన్నా రెండింతలు పెద్దవి చేయండి, అంచుల నుంచి కనీసం 5 శాతం లోపలికి పెట్టండి. ఎందుకో కింద చెబుతా.

7. గ్యాలరీ టీవీ

సోమవారం పొద్దున పదింటికి పెన్‌డ్రైవ్ పెట్టా. వీడియో ఆడింది, అయిపోయింది, రెండు సెకన్లు నల్లతెర, తర్వాత పైన పెద్ద అక్షరాలతో "ఫైనల్_ఫైనల్_2" అని ఫైలు పేరు, మళ్లీ వీడియో. మూడు నిమిషాలకోసారి ఇదే తంతు. లూప్‌కి అతుకు కనబడకూడదని రాత్రి మూడింటిదాకా కూర్చున్న నా మొహం మీద టీవీ రోజంతా ఆ పేరు చదివిస్తోంది.

దీనికి మందు: లూప్ పని టీవీకి వదలకండి, మీరే చేయండి. మూడు నిమిషాల వీడియోని టైమ్‌లైన్‌లో 20 సార్లు పక్కపక్కన పేర్చి గంట ఫైలు చేయండి. ఇక్కడ ఒక లెక్క ఉంది. చాలా టీవీలు ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లే సాఫీగా చదువుతాయి, అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. సెకనుకి 20 మెగాబిట్లతో ఎక్స్‌పోర్ట్ చేస్తే గంటకి 9 జీబీ అవుతుంది, పట్టదు. 8 మెగాబిట్లయితే సెకనుకి ఒక మెగాబైటు, గంటకి 3.6 జీబీ, పడుతుంది. చీకటి షాట్లలో కాస్త గళ్లు కనిపిస్తే ఆ చోట్ల మెలకువగా వెలుతురు పెంచుకోండి. మిగతా సెట్టింగ్స్: ఎంపీ4, హెచ్.264, 1920×1080, 25 ఫ్రేములు, ఆడియో ఏఏసీ. హెచ్.265 జోలికి వెళ్లొద్దు, మీ ల్యాప్‌టాప్‌లో ఆడినా పాత టీవీ మొరాయిస్తుంది. ఫైలు పేరు కూడా ఎవరైనా చదివినా పరువు పోనిదే పెట్టండి, గంటకోసారి ఎలాగూ కనిపిస్తుంది.

టీవీ రిమోట్‌తో ఒక పావుగంట కూర్చోండి. పిక్చర్ మోడ్ వివిడ్‌లోంచి తీసి సినిమాకో స్టాండర్డ్‌కో మార్చాలి. మోషన్ స్మూతింగ్ లాంటిది ఏముంటే అది ఆపాలి, లేకపోతే మీ బొమ్మ సీరియల్‌లో అత్తగారిలా కదులుతుంది. కొన్ని టీవీలు అంచుల్ని కొంచెం కోసేస్తాయి, స్క్రీన్ ఫిట్ అనో జస్ట్ స్కాన్ అనో ఉన్న ఆప్షన్ పెడితే ఫ్రేము మొత్తం వస్తుంది. ఆ ఆప్షన్ దొరకని టీవీల కోసమే పైన 5 శాతం అన్నా. చివరగా ఆటో పవర్ ఆఫ్. కొన్ని టీవీలు నాలుగు గంటలు రిమోట్ నొక్కకపోతే ఎవరూ చూడట్లేదని వాటంతట అవే ఆరిపోతాయి. మా దాంట్లో సోమవారం మధ్యాహ్నం రెండున్నరకి ఆరిపోతే, సాయంత్రం ఎవరో ఫోటో పంపించే దాకా నాకు తెలియదు.

వీకెండ్ల సంగతి, అంటే అసలు వర్క్ నడిచే ల్యాప్‌టాప్: స్లీప్, స్క్రీన్ సేవర్ (అవును, అదే), అప్‌డేట్లు, నోటిఫికేషన్లు అన్నీ ఆపండి. బ్రౌజర్‌ని కియోస్క్ మోడ్‌లో (పైన ట్యాబులూ బటన్లూ ఏవీ కనబడని ఫుల్ స్క్రీన్) తెరవండి. కోడ్ ఫైలుని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే కెమెరా అనుమతి దగ్గర పేచీ రావచ్చు, లోకల్‌హోస్ట్‌లో (ల్యాప్‌టాప్‌లోనే నడిచే చిన్న సర్వర్) నడిపి అనుమతి ఒకసారి శాశ్వతంగా ఇచ్చేయండి. వెబ్‌క్యామ్ యూఎస్‌బీ కేబుల్ 5 మీటర్లు దాటితే నమ్మకం లేదు, ల్యాప్‌టాప్‌నే దగ్గరికి జరపండి.

8. కాగితం

మీరు లేనప్పుడు వర్క్‌ని చూసుకునేది గ్యాలరీ అటెండర్ అన్న. ఆయనకి ఫోన్‌లో చెబితే కుదరదు, పొద్దున తాళం తీసేటప్పుడు ఆయనకి ఇంకో ఇరవై వర్కులు ఉంటాయి. ఏ4 కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, నాలుగే లైన్లు రాసి టీవీ వెనక అంటించా:

పొద్దున: స్విచ్ వేయండి, తర్వాత రిమోట్‌లో ఎర్ర బటన్.
హోమ్ వస్తే: యూఎస్‌బీ, తర్వాత "తోలుబొమ్మ" ఫైలు, తర్వాత ఓకే.
మధ్యలో ఆగితే: పెన్‌డ్రైవ్ పీకి మళ్లీ పెట్టండి.
రాత్రి: ముందు రిమోట్‌తో ఆపండి, తర్వాతే స్విచ్.

దాని కింద నా నంబర్. గురువారం సాయంత్రం వెళ్లి చూస్తే కాగితం అడుగున నీలం పెన్నుతో ఐదో లైను పడి ఉంది: "రిమోట్ నా డ్రాయర్‌లో ఉంది. పిల్లలు తీస్తున్నారు."